డయాలసిస్ చేయించుకోవడం అవిశ్వాసమా? విశ్వాసులైన పెద్దలు దయచేసి సమాధానం చెప్పగలరు

ప్రశ్న: కనిగిరి ప్రాంత సోదరి

ప్రభువు నామమున అందరికీ వందనాలు. మాది కనిగిరి దగ్గర ఒక పల్లె. నా భర్తకు చాలాకాలంగా షుగరు, బీపీ ఉన్నాయి. కాళ్లు, ముఖం వాచిపోయి, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడని పరిస్థితి వచ్చినప్పుడు ఒంగోలు తీసుకొని వెళ్లాం. రెండు కిడ్నీలూ దాదాపుగా పని చేయడం లేదని చెప్పి డయాలసిస్ మొదలుపెట్టారు. అప్పటి నుంచి వారానికి మూడుసార్లు తెల్లవారుజామునే బస్సెక్కి వెళ్లి, చీకటి పడే వేళకు ఇల్లు చేరుతున్నాం.

మా సంఘంవారు మొదటి నుంచీ మా కోసం ప్రార్థిస్తూనే ఉన్నారు. అయితే ఈ మధ్య బంధువుల ద్వారా పరిచయమైన ఒక ప్రార్థన బృందంవారు మా ఇంటికి వచ్చారు. వారు మోకాళ్లూని కన్నీళ్లతో ప్రార్థించారు, అందులో నటన ఏమీ లేదని నా మనసుకు తెలుసు. ప్రార్థన ముగిశాక వారిలో పెద్దగా ఉన్న ఆయన నా భర్త చేయి పట్టుకొని, యంత్రం మీద ఆధారపడుతూ దేవుణ్ణి స్వస్థత అడిగితే అది రెండు మనసుల విశ్వాసమవుతుందనీ, ఉపవాస ప్రార్థన పెట్టుకొని ఆ వారం డయాలసిస్‌కు వెళ్లకుండా మీ విశ్వాసాన్ని క్రియలో చూపించాలనీ చెప్పారు. వెళ్తూ వెళ్తూ, ఇంట్లో ఒప్పుకోని పాపమేదైనా ఉంటే అది కూడా అడ్డుగా నిలుస్తుందని నాతో విడిగా అన్నారు.

ఆ రోజు నుంచి నా భర్త సరిగా మాట్లాడడం లేదు. నాకే విశ్వాసం చాలడం లేదేమో, నా వల్లే మీరందరూ ఇలా తిరగవలసి వస్తున్నదేమో అని రాత్రిపూట అంటున్నారు. జబ్బు కంటే ఈ మాటే ఆయనను ఎక్కువగా కుంగదీస్తున్నది. దేవుని మీద భారం వేయడమంటే వైద్యం మానుకోవడమేనా? డయాలసిస్‌కు వెళ్తూనే స్వస్థత కోసం ప్రార్థించడం తప్పవుతుందా? ప్రేమతోనే వచ్చిన ఆ బృందంవారికి మేము ఏమని జవాబు చెప్పాలి? వాక్యం తెలిసినవారు, ఇటువంటి కష్టం దాటినవారు నెమ్మదిగా వివరించవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం: విశ్రాంత స్టాఫ్ నర్సు, నెల్లూరు

చెల్లెమ్మా, మిగిలిన విషయాలన్నిటికంటే ముందు ఒక్క మాట వినండి. వచ్చే డయాలసిస్‌ను ఏ కారణం చేతనూ తప్పించవద్దు. మూత్రపిండాలు పని చేయనప్పుడు ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి ఉండదు. అది ఊపిరితిత్తులలోకి చేరితే మనిషి కూర్చున్నచోటే ఉక్కిరిబిక్కిరి అవుతాడు. రక్తంలో పొటాషియం పెరిగిపోతే ఏ హెచ్చరికా లేకుండా గుండె ఆగిపోవచ్చు. ఒక వారం మానేసి చూద్దామన్నది ప్రయోగం చేయదగిన విషయం కాదు. ఇది నా విశ్వాసం లేని మాట కాదు, నా ఉద్యోగ జీవితమంతా రోగుల మంచాల పక్కన ప్రార్థన చేసుకుంటూనే పనిచేసినదాన్ని.

మీ ఉత్తరంలో ఒక మాట చదివి నాకు భయం వేసింది. ఆ పెద్దాయన మీ భర్త చేయి పట్టుకొని మాట్లాడారన్నారు. ఏ చేయి అన్నది మీరు రాయలేదు. డయాలసిస్ కోసం ఒక చేతిలో రక్తనాళాలను కలిపి ఫిస్టులా చేస్తారు కదా, మీ వారికి ఫిస్టులా ఉంటే ఆ చేతిని ఎవరూ గట్టిగా పట్టుకోకూడదు, దాని మీద తల పెట్టుకొని పడుకోకూడదు, ఆ చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు, సూది వేయనివ్వకూడదు, ఆ చేత్తో బరువులు ఎత్తకూడదు. దాని మీద వేళ్లు ఆనిస్తే సన్నగా అదురుతున్నట్టు తెలుస్తుంది. రోజూ ఉదయం లేవగానే ఆ అదురు ఉన్నదో లేదో చూసుకోవడం మీరిద్దరూ అలవాటు చేసుకోండి. ఒకవేళ తెలియకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ప్రార్థన చేసేవారు తల మీద చేయి ఉంచినా, రెండో చేయి పట్టుకొన్నా దేవుడు వింటాడు.

పరామర్శకు వచ్చేవారి విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో జాలి అంటే ముందుగా కొబ్బరిబోండాలు, బత్తాయిలు, అరటిపండ్లతోనే వస్తుంది. కిడ్నీ రోగికి ఈ మూడింటిలోనూ ఉండే పొటాషియం ప్రమాదకరం కావచ్చు. ప్రార్థన చేసి ఇచ్చిన కొబ్బరినీళ్లు వద్దంటే పాపమేమోనని మొహమాటపడి తాగినవారిని నేను చూశాను, ఆ రాత్రే వారిని అత్యవసర విభాగానికి తీసుకొని రావలసి వచ్చింది. వచ్చినవారికి నవ్వుతూ విషయం చెప్పి, ఆ పండ్లు ఇంట్లో పిల్లలకు పెట్టండి. ఉపవాసం సంగతి కూడా అంతే. డయాలసిస్ మీద ఉన్నవారికి మాంసకృత్తులు తగినంత అందాలి, పైగా మీ వారికి షుగరు ఉంది, కాబట్టి డాక్టరును అడగకుండా ఆయన ఉపవాసం చేయకూడదు. ఉపవాసం చేయాలనుకొనే ఆరోగ్యవంతులు ఆయన పక్షాన చేయవచ్చు.

డయాలసిస్ గదిలో ఆ నాలుగు గంటలు గడపడం ఎంత కష్టమో దగ్గరగా చూసినవారికే తెలుస్తుంది. చివరి గంటలో కాళ్లు కొంకర్లు పోతాయి, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, ఇంటికి వెళ్లాక కూడా ఒళ్లు వాలిపోతుంది. అయినా మళ్లీ రెండో రోజుకు లేచి బస్సెక్కి వచ్చే మనిషిని విశ్వాసం లేనివాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

సమాధానం: ఒక విశ్వాసి, సింగరాయకొండ

అక్కా, దేవుడు నేటికీ స్వస్థపరుస్తాడని నేను నమ్ముతున్నాను, మా ఇంట్లో చూశాను కూడా. అందుచేత ఈ చర్చలో ఎవరూ అద్భుతాలను కొట్టివేయకూడదని కోరుతున్నాను. అయితే యేసు ప్రభువు కుష్ఠరోగిని శుద్ధుని చేసిన తరువాత, వెళ్లి యాజకునికి నిన్ను కనపరచుకొమ్మని ఆజ్ఞాపించిన సంగతి మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఉంది. రోగి శుద్ధుడయ్యాడో లేదో పరీక్షించి చెప్పే బాధ్యత మోషే ధర్మశాస్త్రం యాజకునికి అప్పగించింది, ప్రభువు ఆ పరీక్షను తప్పించలేదు. మీ వారి కిడ్నీలను దేవుడు బాగుచేస్తే అది రక్తంలోని వ్యర్థాన్ని కొలిచే క్రియాటినిన్ పరీక్షలో కనిపిస్తుంది, మూత్రం రావడంలో కనిపిస్తుంది, అప్పుడు డాక్టరుగారే డయాలసిస్ తగ్గిస్తారు. నిజమైన స్వస్థత పరీక్షకు భయపడదు. అంతవరకూ ఏ బృందం మాట మీదా, ఏ కల మీదా మానవద్దు.

సమాధానం: పల్లె సంఘ కాపరి, కందుకూరు వైపు

అమ్మా, మీ భర్తగారు రాత్రిపూట అంటున్న ఆ మాటకే నేను జవాబు చెప్పాలనుకొంటున్నాను, ఎందుకంటే మిగిలిన సంగతులు నర్సమ్మగారు నాకంటే బాగా చెప్పారు.

కపెర్నహూములో పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మోసుకొని వచ్చి, జనం కిక్కిరిసి ఉండడం వల్ల లోపలికి పోలేక ఇంటి కప్పు విప్పి, మంచంతో సహా ప్రభువు ముందుకు దించారు. ఆయన వారి విశ్వాసం చూసి ఆ రోగితో మాట్లాడాడని మార్కు రాశాడు. మంచం మీద ఉన్న మనిషికి ఆ సమయంలో ఎంత విశ్వాసం ఉన్నదో ఎవరూ అడగలేదు, బహుశా ఎండలో ఊగుతున్న మంచం మీద అతనికి ప్రార్థించే ఓపిక కూడా ఉండి ఉండదు. రోగి సొంత విశ్వాసం చాలనప్పుడు దానిని మోయడానికే సంఘమన్నది ఉంది. ఆ నలుగురిలో ఒక్కరైనా మంచం మధ్యదారిలో దించి, నీకు నిజంగా విశ్వాసం ఉంటే ఇక్కడి నుంచి నడిచిరా అని అనలేదు. మీ ఇంటికి వచ్చినవారు ప్రేమతోనే వచ్చి ఉండవచ్చు, కానీ వారు అడిగినది అదే.

పాపం సంగతి అంటారా, పుట్టు గుడ్డివాణ్ణి చూసి, వీడు చేసిన పాపమా, వీని తల్లిదండ్రులు చేసిన పాపమా అని శిష్యులు అడిగినప్పుడు, వీడైనా వీని కన్నవారైనా పాపం చేయలేదని ప్రభువు సూటిగా చెప్పాడు. యోబు స్నేహితులు మొదట అతని దగ్గర నేల మీద మౌనంగా కూర్చున్నంత కాలం మంచి పనే చేశారు, నోరు తెరిచి కారణాలు వెదకడం మొదలుపెట్టాకే అతనికి భారమయ్యారు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించమని ముమ్మారు వేడుకొన్నాడు, ఆ ముల్లు పోలేదు, నా కృప నీకు చాలునన్న జవాబు వచ్చింది. పౌలుకు విశ్వాసం చాలలేదని మనం అనగలమా? అదే పౌలు తిమోతికి, నీ కడుపు జబ్బు కోసమూ తరచుగా వచ్చే బలహీనతల కోసమూ కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని రాశాడు. లూకా వైద్యుడని, ప్రియమైనవాడని కొలొస్సయులకు రాసిన పత్రికలో ఉంది. వైద్యానికీ ప్రార్థనకూ పోటీ పెట్టడం ఆ మొదటి సంఘాలకు తెలియదు.

మన జిల్లాల సంగతి తీసుకొంటే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒంగోలులోని ప్రార్థన కొండ గురించి మనవారందరికీ తెలుసు. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన లైమన్ జ్యూయెట్ దంపతులు, నెల్లూరు నుంచి వచ్చిన కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఆ కొండ మీద మోకరించి, ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. అప్పటికి నెల్లూరు మిషన్ ఫలితం లేనిదని పేరు పడి, మూసివేయాలన్న ఆలోచన కూడా సాగుతున్నది. వారు అడిగిన సేవకుడు, అదే మిషన్‌కు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలుకు వచ్చి స్థిరపడింది 1866లో. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడితే అందులో ఉన్నది ఎనిమిది మంది. కూటాలలో మనం కొండ మీది ప్రార్థన చెప్పి వెంటనే జవాబు చెబుతాం, మధ్యలోని పన్నెండు సంవత్సరాల గురించి ఎవరూ మాట్లాడరు. ఆ పన్నెండేళ్లూ జవాబు కనపడలేదు కాబట్టి కొండ మీద మోకరించినవారికి విశ్వాసం లేదని అప్పుడు ఎవరైనా అని ఉంటే అది ఎంత అన్యాయమైన మాట అయ్యేదో ఆలోచించండి.

ఆ తరువాత 1876లో మద్రాసు ప్రెసిడెన్సీలో మహా కరువు వచ్చింది. క్లౌ దొరగారు ఆకలితో ఉన్నవారికి పని చూపించడం కోసం బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకొని, శిబిరం వేయించి, తవ్వినవారికి కూలి ఇప్పించారు. నేను ఆ చరిత్రలో అన్నిటికంటే గొప్పదిగా ఎంచే విషయం ఇది: బాప్తిస్మం కోసం ఎంతోమంది అడుగుతున్నా కరువు సహాయం సాగుతున్న ఆ కాలంలో ఏడాదికి పైగా ఆయన ఎవరికీ ఇవ్వలేదు. కూటి కోసం విశ్వాసాన్ని ఎవరూ అమ్ముకోకూడదని, సహాయానికి విశ్వాసం షరతు కాకూడదని ఆయన ఉద్దేశం. సహాయ పనులు ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం తరచుగా, గర్వంగా చెప్పుకొంటాం, అంతకు ముందు జరిగిన కాలువ పనిని మాత్రం మరచిపోతాం. ఆ మిషన్ తరువాతి కాలంలో నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఆసుపత్రులు కట్టింది. కొండ ఎక్కి ప్రార్థించినవారి వారసులే ఆసుపత్రులు కట్టారు, అది అవిశ్వాసమని వారిలో ఎవరూ అనుకోలేదు.

కాబట్టి మీరు స్వస్థత కోసం ధైర్యంగా అడగండి. గెత్సేమనేలో ప్రభువు కూడా ఈ గిన్నె నా యొద్దనుండి తొలగిపోనిమ్మని ముందుగా తన కోరిక చెప్పి, ఆ తరువాతనే తండ్రి చిత్తానికి అప్పగించుకొన్నాడు. కోరిక దాచుకోవడం భక్తి కాదు, ఫలానా వారంలోగా జరగాలని దేవునికి గడువు పెట్టడం విశ్వాసమూ కాదు. ఎత్తైన చోటు నుంచి దూకి దేవదూతలను పరీక్షించమని ప్రభువును అడిగినది ఎవరో మీకు తెలుసు. డయాలసిస్ మాని చూడమనడానికీ దానికీ పెద్ద భేదం నాకు కనపడడం లేదు.

ప్రశ్న అడిగిన సోదరి

అందరికీ హృదయపూర్వక వందనాలు. మీ సమాధానాలు మా వారికి చదివి వినిపించాను. నలుగురు మోసుకొని వచ్చిన సంగతి రెండుసార్లు చదివించుకొన్నారు. నిన్న డయాలసిస్‌కు వెళ్లివచ్చాం. పెద్దాయన పట్టుకొన్నది ఫిస్టులా ఉన్న చేయే, అయితే అదురు బాగానే ఉందని అక్కడివారు చూసి చెప్పారు.

ఇంకొక విషయం అడగాలని ఉంది. ఆయనను ఓదారుస్తున్నాను కానీ నాకు మాత్రం ప్రార్థన రావడం లేదు. మోకరిస్తే ప్రభువా అన్న మాట తరువాత ఇంకేమీ పలకలేకపోతున్నాను. మా సంఘంలో చాలామంది, ఏమైనా కావాలంటే అడగమ్మా అంటారు, ఏమి అడగాలో నాకూ తెలియదు, అడగడానికి మొహమాటంగా కూడా ఉంది.

సమాధానం: సంఘ డీకను, కావలి

అమ్మా, ప్రభువా అన్న ఒక్క పిలుపు చాలు. మనం యుక్తముగా ఎలా ప్రార్థించాలో మనకు తెలియదనీ, ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో ఆత్మ తానే మన పక్షాన విజ్ఞాపన చేస్తాడనీ రోమీయులకు రాసిన పత్రికలో ఉంది. మీకు మాటలు రానప్పుడు పదమూడవ కీర్తన తీసి బయటికి చదవండి. యెహోవా, ఎంతవరకు నన్ను మరచిపోవుదువు అని ఆ భక్తుడు నేరుగా అడిగాడు, ఆ మాట దేవునికి కోపం తెప్పించలేదు కాబట్టే అది ఈనాటికీ మన బైబిలులో ఉంది. అది కూడా చదవలేనంత అలసటగా ఉన్న రోజు పడుకోండి. మీ బదులు మేము చదువుతాం.

రెండో సంగతి మీరు మొహమాటపడి అడగవలసినది కాదు, సంఘమే ముందుకు వచ్చి చేయవలసినది. సహోదరునికి బట్టలు, తిండి లేకపోతే సమాధానంగా వెళ్లి చలి కాచుకో అని మాటలు చెప్పి పంపడం వల్ల ఏమి ప్రయోజనమని యాకోబు అడిగాడు. కావాలంటే అడగండి అనడం కూడా ఒక్కొక్కసారి అటువంటిదే, అడిగే భారాన్ని మళ్లీ కష్టంలో ఉన్నవారి మీదే పెట్టడమవుతుంది. మా సంఘంలో ఇటువంటి రోగి ఉన్నప్పుడు ఒక కాగితం మీద వారానికి ముగ్గురి పేర్లు రాసి గుడి గోడకు అంటించాం. ఆ రోజు ఎవరి వంతైతే వారు రోగితో పాటు బస్సెక్కి వెళ్లి, ఆ నాలుగు గంటలూ పక్కన కూర్చొని తీసుకొని రావాలి. ఆ రోజు రోగి భార్య ఇంట్లో నిద్రపోవచ్చు, తన పనికి వెళ్లవచ్చు. స్త్రీల సమాజంవారు ఉప్పు తగ్గించి, డాక్టరు చెప్పిన కొలత ప్రకారం వండి సాయంత్రం ఇంటికి చేర్చేవారు. ఆ వంట నేర్చుకోవడానికి వారికి కొంత కాలం పట్టింది. బస్సు ఛార్జీలు కానుకల నుంచి తీశాం. ఈ ఉత్తరాన్ని మీ సంఘ కాపరి అయ్యగారికి చూపించండి, కాగితం ఆయనే రాయిస్తారు.

రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద డయాలసిస్‌కు డబ్బు కట్టవలసిన పని లేదు. డయాలసిస్ చేయించుకొనేవారికి ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నది. మీకు ఇంకా మంజూరు కాకపోతే ఆసుపత్రి ఇచ్చిన కాగితాలతో మీ సచివాలయంలో దరఖాస్తు చేయండి, చదువుకొన్న యువకుణ్ణి ఒకరిని మీ సంఘంవారు తోడు పంపవచ్చు. ఇది కూడా పరిచర్యే.

ఇక ఆ బృందంవారికి ఏమి చెప్పాలని మొదట్లో అడిగారు. వారిని దూరం పెట్టవద్దు, వారితో వాదానికీ దిగవద్దు. ఈసారి వచ్చినప్పుడు, మా కోసం ఇంతగా ప్రార్థిస్తున్నారు కదా, వచ్చే వంతుకు మీలో ఒకరు మాతో ఒంగోలు రండి, ఆయన మంచం పక్కన కూర్చొని మౌనంగా ప్రార్థించండి అని అడగండి. వస్తే వారి పేరు కూడా ఆ కాగితంలో రాయించండి. రాలేమంటే వందనాలు చెప్పి సాగనంపండి. డయాలసిస్ రోజు మాత్రం మార్చుకోవద్దు.